గోధుమ రంగు గీత

మధ్యాహ్నం పాసింజరు అరకు స్టేషన్ వదిలి మొదటి సొరంగంలోకి దూరగానే, ఎదురు సీట్లో కూర్చున్న టూరిస్టు చీకట్లో అడిగాడు.

"బొర్రా గుహల్లో గబ్బిలాలు ఉంటాయాండీ?"

"ఉంటాయి. మనుషుల్ని చూసి అవే భయపడతాయి," అంది భవాని.

కోడ్ సరిపోయింది. బండి వెలుతురులోకి వచ్చింది. ఆమె ఆ మనిషి వంక చూసి నవ్వు ఆపుకుంది. మంకీ క్యాపు, మెడలో కెమెరా, చేతిలో సెల్ఫీ స్టిక్, ఒళ్లో మరమరాల పొట్లం. విశాఖపట్నంలో బోర్డు కూడా లేని ఒక ఆఫీసుకి ఇరవై ఏళ్లుగా చీఫ్‌గా ఉన్న లక్ష్మణరావు, ఆ వేషంలో భార్య మీద అలిగి ఒంటరిగా అరకు చూడ్డానికి వచ్చిన గుమస్తాలా ఉన్నాడు.

"నిన్ను చూసి మూడేళ్లయింది," అన్నాడు.

"మూడేళ్ల రెండు నెలలు సర్."

ఈ కొండల్లో ఆమె పేరు ఏంజెలిన్. అరకు దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్. ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనపు దిమ్మల్లో పోసి, వెంట్రుక కంటే పలచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి డాక్టరుకి అందించడం పని. అది దొంగ ఉద్యోగం కాదు. డిపార్ట్‌మెంట్‌లోకి రాకముందు ఆమె నిజంగానే ఆ చదువు చదివింది. అందుకే ఇక్కడికి పంపారు. పెద్దవాళ్ల జబ్బుల రహస్యాలు ఢిల్లీ ల్యాబుల్లో ఆగడం లేదు. ఎవరి కంటా పడని చోట ఒక ల్యాబు ఉండాలి, అందులో మన మనిషి ఉండాలి అన్నది చీఫ్ ఆలోచన. మూడేళ్లలో అలాంటి శాంపిల్ ఒక్కటీ రాలేదు. ఆమె కొండవాళ్ల ముక్కలు కోస్తూ, ఆదివారం ప్రార్థనలో వెనక బెంచీ మీద కూర్చుంటూ, క్వార్టర్స్‌లో ఒక్కతే వండుకు తింటూ గడిపింది. భవాని అని పిలిచే మనిషి కోసం మూడేళ్లు ఎదురు చూసింది. తీరా వచ్చింది మంకీ క్యాపు పెట్టుకుని.

సొరంగం వచ్చినప్పుడల్లా చీఫ్ మాట్లాడాడు. వెలుతురొస్తే మరమరాలు తిన్నాడు.

"శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి సరిహద్దు నది ఒప్పందం మీద సంతకాలు. మన తరఫున నడిపిస్తున్నది ఒక మహిళా దౌత్యవేత్త. కోడ్‌నేమ్ నేరేడు. ఎనిమిది నెలల చర్చలు ఆవిడ మాట మీదే నిలబడ్డాయి."

వెలుతురు. మరమరాలు. మళ్లీ చీకటి.

"ఆవిడ రొమ్ములో గడ్డ కనపడింది. ముక్క తీశారు. నీ దగ్గరికే వచ్చింది. నిన్న వచ్చిన ఐదు బ్లాకుల్లో నాలుగువందల పదిహేడు."

భవానికి గుర్తొచ్చింది. నిన్న పొద్దున్న ఆ దిమ్మని చేత్తో పట్టుకుని నంబరు రాసింది తనే.

"కోబాల్ట్ అనే విదేశీ ముఠాకి వాసన తగిలింది. గడ్డ ఉందని తెలుసు, అదేమిటో తెలీదు. క్యాన్సర్ అని తెలిస్తే అవతలివాళ్లు సంతకం వాయిదా వేస్తారు. ఆవిడ మంచం ఎక్కేదాకా ఆగుతారు. తర్వాత వచ్చేవాడి చేత ఏది కావాలంటే అది ఒప్పిస్తారు. కోబాల్ట్ మనిషి ఈ వారం నీ ఆసుపత్రికి వస్తాడు."

"ఎవరు సర్?"

"తెలీదు. నువ్వే పట్టుకోవాలి."

"ఆర్డర్?"

"స్లైడ్ చూడు. మామూలు గడ్డయితే వాళ్లని చూడనీ. క్యాన్సర్ అయితే మాత్రం ఆ నంబరు మీద మంచి స్లైడ్ ఉండాలి. ఆ నంబరు వాళ్లకి నీ నోటి నుంచే దొరకాలి, కష్టపడి లాగినట్టు. ఒంటరి ఆడదానివి, ఎవరో పలకరిస్తే కరిగిపోయావు. అలా నటించు."

నటించడానికి అందులో ఏముందో భవానికి అర్థం కాలేదు. పైకి మాత్రం, "యస్ సర్," అంది.

చీఫ్ సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసి ఇచ్చాడు. ల్యాబుల్లో నిమిషాలు లెక్కపెట్టుకునే టైమర్. వెనక మీట రెండుసార్లు నొక్కితే ఎవరూ వినలేని ఫోన్. బొర్రా గుహల స్టేషన్లో సెల్ఫీ స్టిక్ చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

*

మర్నాడు, బుధవారం, ఆసుపత్రికి కొత్త స్కానర్ వచ్చింది. స్లైడ్‌ని మొత్తం ఫొటో తీసి కంప్యూటర్లో పెట్టే మెషీన్. దాన్ని బిగించడానికి కంపెనీ నుంచి మణిదీప్ అనే ఇంజనీరు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పొగమంచులో నడిచొచ్చినా మడత నలగని తెల్ల చొక్కా. సినిమా పోస్టర్ మీద ఉండాల్సినవాడు దారి తప్పి ఆసుపత్రికి వచ్చినట్టున్నాడు. నర్సులు ఆ పూట ల్యాబ్ వరండాలోంచి అవసరం లేకపోయినా నాలుగుసార్లు నడిచారు.

మొదటి రోజే అతను అల్మరాలోని పాత స్లైడ్లన్నీ స్కాన్ చేసేశాడు. "టెస్టింగ్ అండీ," అన్నాడు. సాయంత్రం ల్యాబ్ తాళం వేస్తుంటే అడిగాడు.

"మధ్యాహ్నం భోజనం చేసినట్టు లేదు మీరు?"

మూడేళ్లలో ఆమెని ఆ మాట అడిగినవాళ్లు లేరు. భవాని తాళం చెవి కిందికి జారవిడిచింది. అది నటన అనే తనకి తాను చెప్పుకుంది.

రోడ్డు పక్క కాఫీ కొట్టు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. పక్కన బొంగుల్లో చికెన్ కాలుతూ పొగ వస్తోంది. లోయలో వలిసె పూలు పసుప్పచ్చగా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఫొటోలు దిగుతున్న కొత్త జంటల కేకలు పైకి వినిపిస్తున్నాయి.

"మీకిక్కడ ఎవరూ లేరా ఏంజెలిన్ గారూ?"

"ఎక్కడా లేరు," అంది. అది ఏంజెలిన్ కథలో రాసిచ్చిన జవాబు. భవానికి కూడా అదే జవాబు.

"మరి పండగొస్తే?"

"ఎవరో ఒకరి రిపోర్టు అర్జెంటని ఉంటుంది."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. రెండో కాఫీ చేతికొచ్చాక, మాటల్లో మాటగా వదిలింది. "ఈ వారం ఐదే వచ్చాయి. అందులో నాలుగువందల పదిహేడు గురించి మాత్రం ఎవరో పైనుంచి రోజూ ఫోన్లు. ఎవరి తాలూకో ఏమో."

మామూలు మనిషైతే ఎవరని అడుగుతాడు, లేదా అలాగా అంటాడు. మణిదీప్ కనురెప్ప కూడా కదపలేదు. కాఫీలో పంచదార ఎక్కువైందన్నాడు. ఏమీ అనకుండా ఉండడం నేర్పే స్కూల్లో భవాని కూడా చదువుకుంది.

వీడే.

గెలిచినట్టు ఉండాల్సింది. క్వార్టర్స్‌కి వచ్చి గిన్నెలో గుప్పెడు బియ్యం పోసి కడుగుతూ, ఒంటరి మనిషికి గుప్పెడు కూడా ఎక్కువే అనుకుంది.

*

గురువారం ఐదు స్లైడ్లకీ రంగు వేసింది. రొమ్ములో పాల గ్రంథుల చుట్టూ కంచెలా ఒక వరస కణాలుంటాయి. వాటిలో మయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలు కంటికి, మామూలు రంగుకి అది దొరకదు. ఆ ప్రొటీన్‌ని మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీని వేసి, దాని మీద రంగు తేలిస్తే, ప్రొటీన్ ఉన్నంత మేరా గోధుమ రంగు గీత పడుతుంది. గ్రంథి చుట్టూ గీత ఉంటే గడ్డ లోపలే ఉన్నట్టు. గీత లేకపోతే కంచె దాటింది, క్యాన్సర్.

నాలుగువందల పదిహేడుని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎంత జరిపి చూసినా నీలం కణాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. గీత లేదు. కోడ్‌నేమ్ తప్ప ముఖం తెలియని ఆ ఆడమనిషి కోసం ఆమె కాసేపు కళ్లు మూసుకుంది.

నాలుగువందల పద్దెనిమిదిని పెట్టింది. ప్రతి గ్రంథి చుట్టూ గీత, ఎక్కడా తెగకుండా.

"అమ్మా, నా ముక్క సూసినావేటి?"

ల్యాబ్ గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై లోపే ఉంటాయి. ముక్కుకి రెండు పక్కలా నత్తులు, భుజం మీద తువ్వాలు. హుకుంపేట అవతల కొండమీద ఊరు. పేరు గంగ. వరండాలో గొడుగు పట్టుకుని కూర్చున్నవాడు ఆమె మొగుడు ధర్మ. పేషెంట్లు ఇటు రాకూడదు. మూడేళ్లలో భవాని ముక్కల్నే చూసింది, మనుషుల్ని చూడలేదు.

"నీ నంబరెంత?"

గంగ చీటీ చూపించింది. నాలుగువందల పద్దెనిమిది.

ఎందుకు పిలిచిందో భవానికే తెలీదు. "రా, చూడు," అంది. గంగ ఒక కన్ను మూసి, ఒక కన్ను అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది.

"ఇదంతా నా లోపలేనా?"

"నీదే."

"కాపీ పళ్ల గుత్తుల్లాగున్నాయి. సుట్టూ ఆ గీతేటి, ఎవుల్రాసినారు?"

"ఎవరూ రాయలేదు. అది ఉండాలి. ఉంటే మంచిది."

గంగ తలెత్తి ఆమె మొహం చూసింది. "అయితే నాను బతికినట్టే గదా," అని తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, మొగుడికి చెప్పడానికి పరిగెత్తింది.

ఆమె వెళ్లాక భవాని రెండు గాజు పలకలూ ముందు పెట్టుకుని కూర్చుంది. పదిహేడో నంబరు మీదికి మంచి స్లైడ్ కావాలి. ఐదింటిలో గీత ఉన్నది ఒక్క గంగదే. పాత స్లైడ్లలోంచి తీద్దామంటే అన్నీ మణిదీప్ స్కాన్ చేసి పంపేశాడు, పోల్చి చూస్తే దొరికిపోతుంది. గంగ దిమ్మనే రెండుసార్లు కోసి రెండు నంబర్ల మీదా పెడితే, ఒకే ముక్క అని పక్కపక్కన చూసిన ఎవరైనా చెప్తారు. గంగది అసలు పంపకుండా ఆపితే, ఐదు వచ్చి నాలుగే ఎందుకు వెళ్లాయన్న ప్రశ్న పుడుతుంది. మార్పిడి ఒక్కటే దారి. రిపోర్టులు ఎప్పుడూ సోమవారమే ఇస్తారు. శనివారం సంతకాలైపోతాయి. సోమవారం పొద్దున్న ఎవరికీ తెలియకుండా సరిచేసేయొచ్చు.

ఆమె రెండు లేబుళ్లు పీకి, మార్చి అతికించింది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి అయిదూ స్కాన్ అయ్యాయి. మణిదీప్ ఈల వేసుకుంటూ స్క్రీన్ ముందు కూర్చున్నాడు. పదిహేడో నంబరు మీద గోధుమ రంగు గీతలు నిండుగా కనపడుతున్నాయి. ఆ సాయంత్రానికి అవి కోబాల్ట్‌కి చేరిపోతాయి. ప్లాన్ గడియారంలా నడుస్తోంది.

నాలుగింటికి వరండాలో ఏడుపు వినపడింది.

గంగ నేల మీద కూర్చుని ఉంది. ధర్మ ఆమె పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలీక గొడుగు విప్పుతూ ముడుస్తూ ఉన్నాడు. గదిలోంచి డాక్టర్ బర్నబా బయటికొచ్చాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఆ ఆసుపత్రిలో పాథాలజీ అంటే ఆయన ఒక్కడే.

"ఏంజెలినమ్మా, రేపు విశాఖ నుంచి సర్జన్‌గారు క్యాంపుకి వస్తన్నారు. మళ్లీ నెలదాకా రారు. సోమవారం దాకా ఆపితే ఈ మనిషి నెల్లాళ్లు అలా మోసుకు తిరగాల. అందుకే ఇవాళే చూసి రిపోర్టు రాసీసినాను. మామూలు రంగులోనే అనుమానంగుంది. నీ స్లైడ్‌లో తేలిపోయింది. గీత లేదు. రేపు పదింటికి రొమ్ము తీసేస్తారు."

గంగ తలెత్తి భవానిని చూసింది. అరవలేదు, తిట్టలేదు. "నువ్వు గీత సూపించినావు గదా," అంది. అంతే.

భవాని ల్యాబ్‌లోకి వెళ్లి తలుపేసుకుని టైమర్ మీట రెండుసార్లు నొక్కింది.

"సర్, రిపోర్టు ముందే ఇచ్చేశారు. రేపు పదింటికి ఆపరేషన్. మార్చాలి."

"మారిస్తే కంప్యూటర్లోకి ఎక్కుతుంది. వాడు చూస్తాడు. పన్నెండు దాకా ఆగు."

"పదింటికి కోసేస్తారు సర్!"

"ప్రాణం పోదు కదా," అన్నాడు చీఫ్.

తలుపు అవతల గంగ ఏడుపు ఇంకా వినపడుతోంది.

"నీకు ఆర్డర్ అర్థమైందా?"

"అర్థమైంది," అంది.

టైమర్ అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుంది. సలహా అడగడానికి ఒక్క పేరు తలుచుకుందామంటే దొరకలేదు. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. స్నేహితులకి తెలిసినంతవరకు ఆమె దుబాయిలో ఉంది. ఈ ఊరివాళ్లకి తెలిసింది ఏంజెలిన్. చేసిన పని చెప్పుకుని ఏడవడానికైనా సొంత పేరు తెలిసిన మనిషి ఒకరుండాలి. ఉన్న ఒక్కడూ ఇప్పుడే ఫోన్ పెట్టేశాడు.

*

శనివారం తెల్లారి ఆరింటికి మంచులో నడిచి ల్యాబ్ తెరిచింది. స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్ పెట్టింది. దిమ్మలో ముడుచుకుపోయిన ప్రొటీన్ మళ్లీ బయటపడాలంటే ముక్కని అందులో ఉడికించాలి. ఇది మొత్తం మూడున్నర గంటల పని, తొందరపెడితే రంగు పట్టదు. కొండవాళ్ల కోసం ఎన్ని వందలసార్లు చేసిందో లెక్క లేదు. ఎవరో తరుముతున్నట్టు చేయడం ఇదే మొదలు.

గంగ దిమ్మ తీసి మళ్లీ కోసింది. పలుచటి పొర గోరువెచ్చని నీళ్ల మీద తేలింది. గాజు పలక మీదికి ఎత్తింది. ఆరబెట్టింది. ఉడికించింది. యాంటీబాడీ వేసి టైమర్ తిప్పింది. ఏడున్నర. ఎనిమిదిన్నర. రెండో యాంటీబాడీ. తొమ్మిదీ ఇరవైకి చివరి ద్రావకం చుక్కలుగా పోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తూ ఉండిపోయింది. ముందు ఏమీ లేదు. తర్వాత చాలా లేతగా, ఒక్కొక్క గ్రంథి చుట్టూ, గోధుమ రంగు గీత తేలుతూ వచ్చింది.

"ఈ బ్లాకు మళ్లీ ఎందుకు కోశారు?"

మణిదీప్ వెనకే నిలబడి ఉన్నాడు. గొంతులో గారూ లేదు, నవ్వూ లేదు. బల్ల మీద దిమ్మ, దాని మీద నంబరు, దాని పక్కన తడి గాజు పలక. చూసి అర్థం చేసుకోవడానికి అతనికి మూడు సెకన్లు పట్టింది.

"పద్దెనిమిదికి గీత ఉంది. అంటే పదిహేడుకి లేదు." అతను నెమ్మదిగా జేబులోంచి ఫోన్ తీశాడు. "చాలా బాగా చేశావు ఏంజెలిన్. కాఫీ దగ్గర నిజంగా నమ్మాను."

గోడ గడియారంలో తొమ్మిదీ నలభై ఐదు. అతని వేలు ఒక్క మెసేజ్ దూరంలో ఉంది.

"కళ్లతో చూడకుండా పంపుతావా?" అంది భవాని. "తప్పయితే నీ వాళ్లు నిన్ను బతకనివ్వరు. పదిహేడు అసలు దిమ్మ లోపల గదిలో ఉంది. నువ్వే తీసి ముక్క పోల్చి చూసుకో. నేను అలిసిపోయాను."

ఆ చివరి మాట నిజం. బహుశా అందుకే అతను నమ్మాడు. దిమ్మలు దాచే గది ఒకప్పటి ఎక్స్-రే గది. తలుపుకీ గోడలకీ సీసం రేకు తాపడం. మణిదీప్ లోపలికి రెండడుగులు వేసి అరలు వెతుకుతూ, ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది. వెనక్కి తిరిగేలోపే భవాని తలుపుని భుజంతో నెట్టి బయటి గడియ వేసేసింది.

లోపలినుంచి గుద్దుల చప్పుడు దుప్పటి మీద కొట్టినట్టు మెత్తగా వచ్చింది. ఒక్కసారి మాత్రం, "ఏంజెలిన్!" అన్న పిలుపు వినపడింది. అది ఆమె పేరు కాదు. స్లైడూ దిమ్మా పట్టుకుని వరండా వెంట పరిగెత్తింది.

తొమ్మిదీ యాభై రెండు. బర్నబా తన గదిలో ఉన్నాడు.

"డాక్టరుగారూ, ఇది చూడండి. బేగి."

ఆ మాట ఆమె నోట ఎప్పుడు అబ్బిందో ఆమెకే తెలీదు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, పాత మైక్రోస్కోపులో చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఎవరిది?"

"పద్దెనిమిది. గంగది."

"మరి నిన్నటిది?"

"నంబర్లు తారుమారయ్యాయి. నా తప్పు."

"మూడేళ్లలో ఒక్క తప్పు సెయ్యలేదు నువ్వు." ఆయన ముసలి కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి. "నిజం సెప్పమ్మా."

"చెప్పే అనుమతి నాకు లేదు. స్లైడ్ మాత్రం నిజం చెప్తోంది. దిమ్మతో పోల్చి చూడండి."

ఆయన దిమ్మని వెలుతురుకి పట్టి, దాని కోసిన ముఖాన్ని గాజు మీది ముక్క పక్కన పెట్టి చూశాడు. అంచు అంచుకీ సరిపోయింది. ఆయన కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది.

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నర్సు అడ్డం వచ్చింది. బర్నబా ఆగలేదు. తలుపు ఊగుతున్న సందులోంచి భవానికి బల్ల కనపడింది. ఆకుపచ్చ గుడ్డ మధ్యలో తుడిచి సిద్ధం చేసిన చర్మం, దాని మీద పెన్నుతో గీసిన గీత, సర్జన్ చేతిలో కత్తి.

"స్టాప్!" అన్నాడు బర్నబా. ఆ ఆసుపత్రిలో ఆయన గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు. "ఆ గడ్డ మంచిదే. మత్తు తీసీయండి."

బయటికొచ్చాక ఆయన గోడకి ఆనుకున్నాడు. భవాని దగ్గరికెళ్లి చాలా మెల్లగా, "పన్నెండు దాకా కంప్యూటర్లో మార్చకండి, దయచేసి," అంది. ఆయన ఎందుకని అడగబోయి ఆగాడు. తర్వాత తలూపి, రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

*

జరిగిందంతా పదిన్నరకే చీఫ్‌కి చెప్పేసింది. పన్నెండూ ఏడుకి టైమర్ మోగింది.

"సంతకాలైపోయాయి," అన్నాడు చీఫ్. "నేరేడు ఈ రాత్రికే ట్రీట్‌మెంట్‌కి వెళ్తుంది. మనవాళ్లు మీ గేటు దగ్గర ఉన్నారు, ఎక్స్-రే గది తెరువు. ఆర్డర్ కాదన్నావని రాసుకున్నాను. ఫలితం వచ్చింది కాబట్టి చదవకుండా ఫైల్ చేస్తాను."

"ఇంత త్వరగా వచ్చారా సర్? మణిదీప్ సంగతి మీకు ముందే తెలుసా?"

"ఏడాదిగా వాడు మన దగ్గరా డబ్బు తీసుకుంటున్నాడు, వాళ్ల దగ్గరా తీసుకుంటున్నాడు. అలాంటివాడి చేతి మీదుగా వెళ్తేనే వాళ్లు నమ్ముతారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కాఫీ కొట్టు దగ్గర అంత బాగా నవ్వేదానివి కాదు."

భవాని మీట నొక్కి ఆపేసింది. కాఫీ కొట్టు దగ్గర ఎవరు చూశారు, ఎక్కడినుంచి చూశారు అని అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఆ ఒక్క సాయంత్రం కూడా మిగలదు.

ఆసుపత్రి పుస్తకంలో బర్నబా తన చేత్తో రాశాడు: టెక్నీషియన్ ఏంజెలిన్ పొరపాటు వల్ల నంబర్లు మారాయి, రాజీనామా తీసుకున్నాం. రాశాక పెన్ను మూయకుండా, "ఇంతకంటే వేరేగా రాయడానికి నువ్వు నాకేటీ సెప్పలేదమ్మా," అన్నాడు.

"ఇలాగే ఉండాలి డాక్టరుగారూ."

వార్డులో గంగ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భవాని మంచం దగ్గర నిలబడింది.

"నంబరు మారిపోనాదంట," అంది గంగ, తిరక్కుండానే. "నానేటి నంబరునా? నిన్నీపాటి నుంచి నన్ను సంపీసినావు. మా ఆయన రేతిరంతా గుమ్మంలోనే కూకున్నాడు. పిల్లలకేటి సెప్పాలో నేర్సుకున్నాడు, ఇంటికెల్లి సెప్పడానికి."

"తప్పు నాదే గంగా."

"మరెవులిది?"

కిటికీ అవతల పాసింజరు కూత వేసుకుంటూ మలుపు తిరిగింది. గంగ లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది.

"మల్లీ సూపించు."

ఇద్దరూ ల్యాబ్‌కి నడిచారు. గంగ ఒక కన్ను మూసి, అద్దానికి కన్ను ఆనించి, వేలితో గాలిలో ఒక్కొక్క గీతా లెక్కపెట్టింది. పూర్తిగా అయ్యేదాకా భవాని కదల్లేదు.

"ఈపాలి నాదేనా?"

"నీదే. నేనే కోశాను."

"ఊ," అంది గంగ. ఆమె క్షమించిందో లేదో ఆ ఊలో తెలియలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "నీ కళ్లు సూస్తే నిద్దర్లేనట్టుంది. తిని తొంగో," అని, గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్న మొగుడితో మెట్లు దిగింది.

భవాని క్వార్టర్స్ ఖాళీ చేయడానికి పావుగంట పట్టింది. రెండు జతల బట్టలు, ఒక గిన్నె, ఒక దుప్పటి. ఏంజెలిన్ అన్న పేరున్న కార్డుని స్టవ్ మీద కాల్చి, బూడిద సింకులో కడిగేసింది. ప్రార్థన పుస్తకం కాల్చబుద్ధి కాలేదు, సంచిలో వేసుకుంది. స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, చీఫ్ మనిషి ఇచ్చిన కవరు చింపింది. లోపల కొత్త పేరు, కొత్త ఊరు, కొత్త ఉద్యోగం ఉన్నాయి: రత్నాలు, పార్వతీపురం, పెళ్లి సంబంధాలు కుదిర్చే ఆఫీసులో కౌన్సెలర్. కింద చీఫ్ చేతిరాతలో ఒక గమనిక కూడా ఉంది.

"పదేళ్ల చక్కటి కాపురం అనుభవం ఉన్నట్టు మాట్లాడాలి. నటించగలవుగా?"